మునిగి గెలిచిన ఈతగాడు

ఈత పందెంలో గెలవాలంటే నీటిమీద ఈదాలా, నీటి అడుగున ఈదాలా? ఇదేం ప్రశ్న అంటారేమో! 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ పోటీలలో జపాను యువకుడు మసారు ఫురుకావా దీనికి జవాబు చేసి చూపించాడు. అది 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ పందెం. మన పిల్లలు కప్ప ఈత అంటారే, అదే. మొదటి మూడు విడతలలోనూ అతడు చాలా దూరం నీటి అడుగునే సాగిపోయాడు. పైకి తేలింది కొద్దిసేపే. 2 నిమిషాల 34.7 సెకండ్లలో ముగించి బంగారు పతకం పట్టుకుపోయాడు.

ఇందులోని కిటుకేమిటి? నీరు గాలికంటె సుమారు 800 రెట్లు చిక్కన. దానిని తోసుకుంటూ పోవడం సామాన్యం కాదు. వేగం రెండింతలైతే నీటి అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. అందుకు కావలసిన శక్తి దాదాపు ఎనిమిదింతలు! అందుకే రెక్కల బలం పెంచుకోవడం కంటె అడ్డు తగ్గించుకోవడమే లాభసాటి బేరం.

ఈ అడ్డు మూడు విధాలు. ఒంటిని రాసుకుపోయే నీటి ఒరిపిడి ఒకటి. శరీరం ఆకారాన్నిబట్టి కలిగేది రెండవది. కాళ్లు కిందికి వేలాడితే యిది పెరుగుతుంది. మూడవది అలల వల్ల వచ్చేది. పైన ఈదేవాడు అలలు లేపక తప్పదు. ఆ అలలకు ఖర్చయ్యే శక్తి అతనిదే కదా! తగినంత లోతుకు పోతే యీ మూడవ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

పైగా కప్ప ఈతలో చేతులు ముందుకు చాచినపుడూ, మోకాళ్లు ముడిచినపుడూ నీరు వెనక్కు నెడుతుంది. ప్రతి బారకూ వేగం పుంజుకోవడం, మళ్లీ తగ్గడం! అడుగున అయితే చేతులను తొడలదాకా లాగి, బాణంలా కాసేపు జారిపోవచ్చు.

మరి ఊపిరి? చిక్కంతా అక్కడే వచ్చింది. ఊపిరి బిగబట్టి ఈదేవారికి స్పృహ తప్పే ప్రమాదం వుంది. మెల్‌బోర్న్ తరువాత నిబంధనలు మారాయి. ఇప్పుడు దూకిన తరువాతా, మలుపు తిరిగిన తరువాతా అడుగున ఒక్క బారకే అనుమతి. 1988 సియోల్ పోటీలలో వెల్లకిల ఈతగాళ్లు యిదే కిటుకు ప్రయోగించారు. దానికీ హద్దు పెట్టారు. ఆ హద్దు నేడు 15 మీటర్లు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. బావుల్లో, చెరువుల్లో పిల్లలు మునక పందేలు వేసుకుంటారు. ఊపిరి కావాలని మనకు తోచేది ముఖ్యంగా ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరగడం వల్ల. మునిగేముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ఆ వాయువు తగ్గిపోతుంది, హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా ప్రాణవాయువు అడుగంటి, పిల్లవాడు చడీచప్పుడూ లేకుండా స్పృహ తప్పవచ్చు. మంచి ఈతగాడికైనా యీ ప్రమాదం తప్పదు. పందెం కావాలంటే నీటిమీదే వేసుకోమనండి. గట్టున ఒక పెద్ద మనిషిని కాపలా వుంచండి.