నిక్షేపమునకు కావలి ఎవరు?

విశాఖపట్టణమునకు ఉత్తరమున, సింహాచలపు కొండలకును సముద్రమునకును నడుమనున్న మధురవాడ మొన్నమొన్నటిదాక ఒక పల్లె. నేడది మహానగరములో భాగమై, దేశదేశముల పెట్టుబడిదారుల దృష్టి నాకర్షించుచున్నది. 2023 మే 3వ తేదీని అచ్చట అదానీ సంస్థవారి 300 మెగావాట్ల డేటా కేంద్రమునకు నాటి ముఖ్యమంత్రి శ్రీ వై.యస్. జగన్మోహనరెడ్డి శంకుస్థాపన గావించిరి. 2025 అక్టోబరు 12వ తేదీని, రుషికొండ ప్రాంతమున, సముద్రగర్భపు తీగలు దరిజేరు మరియొక కేంద్రమునకు మంత్రి శ్రీ నారా లోకేశ్ పునాది వేసిరి. ఆ పిమ్మట రెండు దినములకే గూగుల్ సంస్థవారు విశాఖ ప్రాంతమున కృత్రిమమేధా కేంద్రమును నెలకొల్పుటకు ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించిరి. ప్రభుత్వములు మారినవి, ముఖ్యమంత్రులు మారిరి, ఈ యొక్క విషయమున మాత్రము ఉభయపక్షముల మార్గమును ఒకటియే.

ఇందులకు మేము సంతసింపకపోలేదు. పని లేక పొరుగు రాష్ట్రములకు పోవుచున్న యువకులుగల దేశమున పరిశ్రమ వచ్చిన వలదను మూఢు డెవ్వడు? కాని గిడ్డంగి కట్టుట వేరు. గిడ్డంగిలోని ధాన్యము ఎవరిది, దానికి కావలి ఎవరు, కొలుచు కుంచము సరియైనదేనా యని తేల్చుట వేరు. మొదటిదానికి ధనము చాలును. రెండవదానికి ధర్మనిర్ణయము కావలెను. మొదటిదానికి శంకుస్థాపనలు పెక్కు జరిగినవి. రెండవదానికి పునాది యింకను పడలేదు.

మధురవాడ కేంద్రములలో నుండబోవు సమాచారమంతయు మనదే కాదు. అది నానాదేశముల వర్తకులది. కాని మన ప్రభుత్వము వద్ద మన యింటింటి సమాచారము ఇదివరకే పోగుపడియున్నది. ఆధారు సంఖ్య, రేషను కార్డు, పింఛను, బడిపిల్లల హాజరు, అడంగలు, విద్యుత్తు బిల్లు: వీనిలో దేనిని మనము దాచుకొనగలిగితిమి? 2016లో ప్రజాసాధికార సర్వే పేర ఉద్యోగులు గడపగడపకును వచ్చి వివరములు వ్రాసికొనిపోయిరి. 2025 జనవరి 30వ తేదీని 'మన మిత్ర' యను పేర వాట్సాప్ ద్వారా 161 సేవలు ప్రారంభమయ్యెను. ఇది సౌకర్యమే, మేము కాదనము. కాని ఈ రాశిపై తీర్పు చెప్పు యంత్రము ఇకమీదట వాకిటనే చౌకగా దొరకును. దొరకిన దానిని వాడకుండుట ప్రభుత్వముల స్వభావము కాదు.

వాడిన ఫలమేమో తెలిసికొనుటకు విదేశములకు పోనక్కరలేదు. మన సోదర రాష్ట్రమగు తెలంగాణము 'సమగ్ర వేదిక' యను పేర వేర్వేరు శాఖల దస్తరముల నన్నిటిని కంప్యూటరుచే ఒకచోట ముడివేసెను. కారు గలవాడు, మాగాణి గలవాడు పేదల బియ్యము తినుచున్నాడేమో పట్టుకొనుట దాని యుద్దేశము. 2014కును 2019కిని నడుమ ఆ రాష్ట్రమున పదునెనిమిది లక్షలకు పైగా రేషను కార్డులు నోటీసైనను లేకయే రద్దయ్యెను. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు జోక్యము చేసికొని, రద్దయిన కార్డులను ఇంటింటికిపోయి మరల విచారింపుడని ఆజ్ఞాపించెను. ఆ జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తులలో 15,471 అర్హమైనవని తేలెను. అనగా నూటికి ఏడున్నర. వారు చేసిన నేరమేమి? యంత్రము పొరపడుటయే.

యంత్రమేల పొరపడును? అది మనుష్యుని ఎరుగదు. పేరును, చిరునామాను మాత్రమే ఎరుగును. మన పేర్ల సంగతి మనకు తెలియనిదా? ఇంటిపేరు ఒకచోట ముందు, మరియొకచోట వెనుక. ఒక కాగితమున పూర్తి పేరు, వేరొకదానిలో పొడి అక్షరములు. ఇంగ్లీషున వ్రాయునప్పుడు గుమాస్తాకొక వర్ణక్రమము. ఉత్తరాంధ్రమున సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకొనని యిల్లు అరుదు. అప్పలనాయుడు, అప్పారావు, అప్పలనర్సమ్మ, సింహాచలము: ఒక్క ఊరనే ఒక్క పేరుగలవారు ఎందరో. ఒక అప్పలనాయుడు కొన్న కారు వేరొక అప్పలనాయుని తలకు చుట్టుకొనుటకు ఎంతసేపు పట్టును? ఊరి కరణమైనచో ఇద్దరిని ముఖము చూచి ఎరిగియుండును. యంత్రమునకు ముఖములు లేవు.

ఇది పేదల గోడు, మనకేమి యని భూవసతిగల మా పాఠకులు తలంపరాదు. 2020 అక్టోబరులో తెలంగాణమున అమలైన 'ధరణి'ని స్మరింపుడు. అందు అనుభవదారునకు గడియే లేకపోయెను. తప్పుపడిన పట్టాను దిద్దు అధికారము తహసీల్దారునకు లేకపోయెను. తాతలనాటి భూమి తెరపై నిషిద్ధ జాబితాలో కన్పట్టగా, రైతులు కలెక్టరు కచ్చేరీ చుట్టును తిరుగవలసివచ్చెను. తుదకు 2025 ఏప్రిలు 14వ తేదీని దానిస్థానమున 'భూభారతి' వచ్చెను. తప్పులు దిద్దు మార్గమును, అప్పీలును అందు చేర్చవలసివచ్చెను. దిద్దుబాటు లేని దస్తరము ధనికుని పేదవాని సమముగనే బాధించునని ఇందువలన తేలుచున్నది. పేదవాడు త్వరగా నశించును, భేదమంతియే.

ఇట ఒక వాదము కలదు. మనుష్యులు లంచము తిందురు, పక్షపాతము చూపుదురు; యంత్రమునకు బంధువులు లేరు, కావున అదియే మేలని కొందరందురు. అనర్హులు ప్రజాధనమును మ్రింగుచున్న మాట నిజమే. కాని యంత్రమునకు పక్షపాతము నేర్పువారు మనుష్యులే. నెదర్లాండ్సు దేశమున శిశుసంరక్షణ సహాయమున మోసమును పట్టుటకు పన్నులశాఖవారు యంత్రమును నియోగించిరి. దరఖాస్తుదారుని జాతీయత ఆ యంత్రమునకు అనుమానకారణములలో ఒకటయ్యెను. వేలకొలది కుటుంబములు మోసగాండ్రన్న నిందపాలై అప్పులలో మునిగెను. 2021 జనవరిలో ఆ దేశపు మంత్రివర్గమే రాజీనామా చేయవలసివచ్చెను. లంచగొండి గుమాస్తా ఒక ఊరిని పీడించును. తప్పు నేర్చిన యంత్రము ఒక్క రాత్రిలో ఒక రాష్ట్రమును పీడింపగలదు. పైగా గుమాస్తాను నిలదీయవచ్చును. యంత్రము నెవరు నిలదీయుదురు?

ఈ విషయమున మన పూర్వులు చేసిన ధర్మనిర్ణయము స్మరింపదగినది. ఒకరు నమ్మి యొప్పగించిన సొత్తు నిక్షేపము. మూతవేసి ముద్రవేసి యిచ్చినచో ఉపనిధి. దానిని యజమాని యనుమతి లేక తన లాభమునకు వాడుకొన్నవాడు దండ్యుడనియు, వడ్డీతో తిరిగి యీయవలయుననియు యాజ్ఞవల్క్యస్మృతి శాసించెను. మితాక్షర దానిని వ్యాఖ్యానించెను. పదుమూడవ శతాబ్దియందే కేతన ఆ ధర్మమును తెనుగున నుంచెను. బియ్యముకొరకు చెప్పిన వివరమును ఓట్లకొరకు వాడుట, వైద్యముకొరకు చెప్పిన వ్యాధిని వర్తకునకు తెలుపుట, నిక్షేపమును భుజించుటయే.

నేటి శాసన మేమనుచున్నది? 2017 ఆగస్టు 24వ తేదీని తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతము ప్రాథమికహక్కని ఏకగ్రీవముగ తీర్పుచెప్పెను. 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా సంరక్షణ శాసనము వచ్చెను. దాని నియమములు 2025 నవంబరులో వెలువడెను. ముఖ్యవిధుల యమలుకు పదునెనిమిది నెలల గడువీయబడెను. తప్పుచేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాక జరిమానా కలదు. కాని ఆ సొమ్ము కేంద్ర ఖజానాకు చేరును. నష్టపడినవానికి దమ్మిడీ రాదు. సహాయములు, పత్రములు, అనుమతుల నిమిత్తము ప్రభుత్వము మరల మన సమ్మతి యడుగక మన వివరములు వాడుకొనవచ్చును. దేశభద్రత, శాంతి యను కారణములచే ప్రభుత్వ సంస్థలను శాసనమునుండియే తప్పింపవచ్చును. వర్తకునిపై కావలి పెట్టి, కావలివానినే కట్టుబాటునుండి విడిచిపెట్టిన శాసనమిది.

కేంద్రము విడిచినదానిని రాష్ట్రము పూరింపవచ్చును. ఏ శాఖయందు ఏ యంత్రము ఏ విషయమున తీర్పుచెప్పుచున్నదో తెలుపు పట్టిక ప్రకటింపవలెను. మనుష్యుడు గడపకు వచ్చి విచారింపనిదే, తెలుగున కారణము వ్రాసి నోటీసు ఈయనిదే, ఏ కార్డును ఏ పింఛనును నిలుపరాదు. తప్పు దిద్దు అధికారము మండలమునందే ఒక యధికారికి, గడువుతో సహా, ఉండవలెను. కంపెనీలతోడి ఒడంబడికలు శాసనసభ ముందుంచవలెను. భూమి, నీరు, విద్యుత్తు ఎంతెంత యిచ్చుచున్నామో ప్రజలకు తెలియవలెను. యంత్రమును వాడుటకు ముందు మన ఊళ్ల పేర్లపై పరీక్షించి, ఎందరి నన్యాయముగ తొలగించెనో లెక్క చూడవలెను. ఎంత సొమ్ము మిగిలెనని మాత్రమే లెక్కించు ప్రభుత్వము సగము ఖాతాయే వ్రాయుచున్నది.

ఇది నీతిమాత్రమే కాదు, ప్రయోజనమును ఇందే కలదు. తెలుగు తెలియని యంత్రము తెలుగువారికి తీర్పుచెప్పజాలదు. భారతీయ భాషలకొరకు కేంద్రము 2022లో 'భాషిణి'ని ప్రారంభించెను. మధురవాడకు ఇంత సమీపమున ఆంధ్ర విశ్వవిద్యాలయ మున్నది. ఇన్ని రాయితీలు పొందు సంస్థలు తమ యంత్రబలములో కొంతభాగము తెలుగు పరిశోధనకు విడువవలెనను షరతు ఒడంబడికలలో ఏల యుండరాదు? భూమి మనది, సముద్రతీరము మనది. విద్య మాత్రము పరులదైనచో మనకు మిగులునది కావలివాని యుద్యోగమే.

విశాఖకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1966లో ఉక్కు కర్మాగారముకొరకు ఆంధ్రులు ప్రాణములొడ్డిరి. కర్మాగారము వచ్చెను. భూములిచ్చిన నిర్వాసితులలో ఎందరో ఉద్యోగము వచ్చునని ఆర్-కార్డు చేతబట్టుకొని ఏండ్లకొలది ఎదురుచూచిరి. వాగ్దానము శాసనబద్ధము కానిచో కాగితమే మిగులునని నాడు నేర్చితిమి. నాడు మన మిచ్చినది భూమి. నేడు భూమితోపాటు మన పేర్లు, మన రోగములు, మన అప్పులు, మన బిడ్డల మార్కులు ఇచ్చుచున్నాము. తీసికొన్నవారు రసీదైన నీయవలదా? శాసనసభ్యులు ఓట్లకొరకు గడపకు వచ్చునప్పుడు మా పాఠకులు అడుగవలసిన ప్రశ్న యిదియే.