గొంతులో ఉండ: కషాయానికి ముందు అడగవలసిన ప్రశ్న

గొంతులో ఏదో ఉండలా అడ్డుపడి ఉన్నది, మింగితే దిగదు, కాకరిస్తే రాదు. ఈ మాట వినగానే మన ఇళ్లలో పెద్దలు చేసే మొదటి పని మిరియాలు, శొంఠి దంచి కషాయం కాచి ఇవ్వడం. జలుబుకు, కఫానికి అది ఎప్పటినుండో వాడుకలో ఉన్నదే. నెలల తరబడి వేధించే ఈ ఉండకు కూడా అదే మందని నమ్మడం మాత్రం సరికాదని నా అభిప్రాయం.

కషాయం పొయ్యి మీద పెట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: అన్నం తినేటప్పుడు అడ్డుపడుతున్నదా, తిననప్పుడే తెలుస్తున్నదా? ముద్ద సులువుగా దిగుతూ, ఉత్తి గుటక వేసినప్పుడే ఉండ ఉన్నట్లు తోచితే అది చాలావరకు ప్రమాదం లేని బాధ. ఆధునిక వైద్యులు దీనిని గ్లోబస్ అంటారు. పూర్వం ఈ పేరుకు హిస్టీరియా అనే తోక తగిలించి, స్త్రీల మనోవికారమని తోసిపుచ్చేవారు. తన రోగులలో అధికులకు హిస్టీరియా లేదని గమనించిన మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1968లో ఆ తోకను తీసివేయాలన్నాడు. మన ఇళ్లలో మాత్రం "ఆమెకేమీ లేదు, అంతా మనసే" అనే తీర్పు ఇంకా వినబడుతూనే ఉన్నది.

పరీక్షలో ఉండ కనబడనంత మాత్రాన బాధ కల్పితం కాదు. జీర్ణాశయంలోని ఆమ్లం గొంతు వరకు ఎగదన్నడం, అన్నవాహిక పైకొనలోని కండరం బిగుసుకోవడం, ముక్కు వెనుకనుండి శ్లేష్మం జారడం, థైరాయిడ్ గ్రంథి వాపు, దిగులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఛాతీలో మంట లేకుండానే ఆమ్లం ఎగదన్నవచ్చు. అటువంటివారికి మిరియాల ఘాటు బాధను పెంచుతుంది. మనం పట్టించుకోని మరొక కారణం గొంతు సవరించుకునే అలవాటు. ఉండను కదిలించాలని సవరించినకొద్దీ లోపలి పొరలు ఒరుసుకొని, ఉండ మరింతగా తెలుస్తుంది.

చరకుడు ఉదానవాయువు స్థానాలలో కంఠాన్ని చెప్పాడు. ఆపరాని పదమూడు వేగాలలో కన్నీటిని కూడా చేర్చాడు. దుఃఖం పొంగినప్పుడు "గొంతు పూడుకుపోయింది" అని మనమూ అంటాము. పుట్టింట చావు జరిగినా అత్తవారింట పదిమంది ఎదుట ఏడవలేక దిగమింగుకున్న కోడలు, ఏడాది తరువాత గొంతులో ఉండ ఉన్నదంటే, ఆమెకు కావలసింది కాసేపు కూర్చుని వినే మనిషి.

ఉపశమనానికి చేయదగినవి కష్టమైనవి కావు. పడుకోవడానికి మూడు గంటల ముందే రాత్రి భోజనం ముగించాలి. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అర అడుగు ఎత్తు చేయాలి. పులుపు, కారం, కాఫీ తగ్గించాలి. గొంతు సవరించుకోవాలనిపించినప్పుడల్లా గోరువెచ్చని నీరు ఒక గుక్క తాగాలి. అతిమధురం పుల్ల చప్పరిస్తే కొందరికి హాయిగా ఉంటుంది. అయితే అది రక్తపోటును పెంచుతుంది, శరీరంలో పొటాషియం తగ్గిస్తుంది. రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు, గర్భిణులు దాని జోలికి పోరాదు. మిగిలినవారైనా వారాల తరబడి వాడరాదు. మూలికే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

తిననప్పుడే తెలిసే ఉండ అయినా నెల దాటితే ఒకసారి వైద్యునికి చూపించుకోవాలి. పై ప్రశ్నకు "తినేటప్పుడే" అని జవాబు వస్తే మాత్రం ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. మింగితే నొప్పి, తరచుగా పొలమారడం, మెడలో గడ్డ, బరువు తగ్గడం, ఉమ్మిలో రక్తం, మూడు వారాలు దాటిన బొంగురు గొంతు కూడా అటువంటివే. చుట్ట, అడ్డపొగ, ఖైనీ, గుట్కా, మద్యం అలవాటున్నవారు మరింత త్వరపడాలి. రక్తహీనతతో పాలిపోయిన స్త్రీకి గట్టి పదార్థాలు దిగకపోతే, ఇనుము లోపం వలన అన్నవాహిక పైభాగాన పలుచని పొర ఏర్పడి ఉండవచ్చు. చెవి, ముక్కు, గొంతు నిపుణుడు సన్నని గొట్టంతో కొద్ది నిమిషాలలోనే గొంతును పరిశీలించగలడు.

పెద్దవారు తమ బాధను నోటితో చెప్పరు. పళ్లెంలో రొట్టె వదిలివేస్తారు, అన్నం మెత్తగా వండమంటారు, మజ్జిగ ఎక్కువ పోయమంటారు. వడ్డించేవారు ఆ మార్పును గమనిస్తే, ఆ వారంలోనే వారిని పరీక్షకు తీసుకొని వెళ్లాలి.