‘రైలుబడి’ ఊరట కోసమేనా?

ఉపాధ్యాయులం నలుగురం కలిస్తే యీ మధ్య ఒక మాట తరచు వినిపిస్తోంది: “మనసు బాగోకపోతే మళ్ళీ ‘రైలుబడి’ తీస్తానండీ, హాయిగా వుంటుంది.” చిన్నప్పుడు మెచ్చిన పుస్తకం పెద్దయ్యాక కూడా హాయి నిస్తే తప్పు పట్టవలసింది లేదు. నాకూ యిస్తుంది. పేచీ అల్లా ఆ హాయి ఏ పుట దగ్గర ఆగిపోతోందన్నదే.

టెట్సుకో కురొయనాగి బాల్యస్మృతులు జపానులో 1981లో పుస్తకంగా వచ్చాయి. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అల్లరి భరించలేక మొదటి తరగతిలోనే ఒక బడి వెళ్ళగొట్టిన టోటోచాన్‌ను కొబయాషి మాస్టారు ఎదుట కూచోబెట్టుకుని, ఆ పిల్ల చెప్పిందంతా గంటల తరబడి విన్నాడు. పనికిరాని రైలుపెట్టెలే అక్కడ తరగతి గదులు. ఊరట కోరే పాఠకుడు యిక్కడే గుడారం వేసుకుంటాడు.

అదే పుస్తకంలో మసావో అనే కొరియా కుర్రాడున్నాడు. టోటోచాన్ కనబడితే కసిగా ఒక తిట్టు విసురుతాడు. ఏమిటా తిట్టు? వాడి జాతి పేరే! 1910 నుంచి 1945 దాకా కొరియా నేలిన సామ్రాజ్యం ఆ పేరునే తిట్టుగా మార్చి పసివాడి నోట్లో పెట్టింది. తిట్టంటే వాడికి తెలిసింది అదొక్కటే. కులం పేరు తిట్టయి కూచున్న మన వూళ్ళలో దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. తరగతిలో యీ ఘట్టం చదివి వినిపించినప్పుడు, అంతసేపూ నవ్వుతున్న పిల్లలు నవ్వాపి వినటం నేను చూశాను.

మనలోనే మరికొందరు విమర్శకులున్నారు. యాభైమంది పిల్లల ప్రైవేటు బడి, మధ్యతరగతి ముచ్చట అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. వర్గదృష్టి పేరిట బద్ధకం యిది! ఎదుగుదల ఆగిపోయిన తకహాషి ఆటల పోటీలన్నిటా గెలిచాడు. పొట్టి కాళ్ళు అడ్డురాని పోటీలను మాస్టారు ముందే ఆలోచించి పెట్టాడు గనక గెలిచాడు. జాలిపడి చివర్లో ఓ బహుమతి చేతిలో పెట్టటం ఎవరైనా చేస్తారు. ఆయన పోటీనే మార్చాడు. మన జూనియర్ కాలేజీల్లో ఆదివారం యీ పుస్తకం చదివి కళ్ళు తుడుచుకున్న చేతులే సోమవారం ర్యాంకుల జాబితా గోడకు అంటిస్తాయి. ఆ జాబితాలో తకహాషి ఎక్కడుంటాడో వేరే చెప్పాలా?

ఇక యుద్ధం. స్టేషనులో మిఠాయి యంత్రం ఖాళీ అవుతుంది, పిల్లల అన్నం డబ్బాలు బోసిపోతాయి. 1945లో అమెరికా బాంబులకు రైలుపెట్టెలు తగలబడిపోయాయి. ముగింపు విషాదంగా వుందని ఆ అధ్యాయం పిల్లలకు చెప్పకుండా దాటేస్తానన్నాడొక మిత్రుడు. మంటల ఎదుట నిలబడి మాస్టారు కొడుకు నడిగింది, యీసారి ఎలాంటి బడి కడదామని. మిత్రుడు దాటేస్తున్నది సరిగ్గా ఆ పుటనే.