జీతగాని వ్రాతలును యజమాని చూపును

ఉద్యోగము కోరి వచ్చినవాని మార్కుల పట్టికను, నడవడి పత్రమును చూచుట యజమానులకు పూర్వమునుండియు నున్న వాడుకయే. ఇటీవల దానికి మరియొకటి చేరినది. అతడు ఫేసుబుక్కులో నేమి వ్రాసెను, ఇన్‌స్టాగ్రాములో నెట్టి చిత్రములను పెట్టెను, ఎవరి మాటను మెచ్చుకొనెను అనునవియు చూచుచున్నారు. ఉద్యోగము దొరకిన పిమ్మటను ఈ చూపు ఆగుట లేదు. ఇది యెంతవరకు న్యాయము, ఎచ్చటినుండి అన్యాయము అను విషయమును మా విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచగోరుచున్నాము.

హబ్సిగూడలో నున్న మాకు ఈ ప్రశ్న దూరపుది కాదు. ఉప్పలు రోడ్డు వెంబడి భూభౌతిక పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. మున్నగు ప్రభుత్వ సంస్థలున్నవి. ఒక వైపున నాచారము పారిశ్రామిక వాడ, మరియొక వైపున ఉప్పలులోని కంప్యూటరు కంపెనీలు. మా పిల్లల తలిదండ్రులలో పెక్కుమంది ఇట్టి చోట్ల జీతము పుచ్చుకొనువారే. కొలది యేండ్లలో ఈ పిల్లలును అట్టివారే యగుదురు.

యజమానులు చెప్పు సమాధానము సులభమైనది. “మేము ఎవరి ఉత్తరమును విప్పి చదువలేదు. లోకమెల్ల చూచునట్లు నీవే గోడమీద వ్రాసితివి. దారిన పోవుచు మేమును చదివితిమి” అందురు. వినుటకు బాగుగనే యున్నది. కాని దారిన పోవువాడు తనకు నచ్చని వ్రాతను చూచి మొగము చిట్లించి పోవును. అంతకంటె నేమియు చేయజాలడు. యజమానియో, నచ్చకున్న అన్నపు గిన్నెను తీసికొనగలడు. చదువుట యిద్దరిదియు నొక్కటే యైనను, చదివినవాని చేతిలోని యధికారము వేరు. కావున అతని చూపునకు ఒక హద్దు ఉండవలెనని మేము వాదించుచున్నాము.

పూర్వము కార్ఖానా పనివాడు సాయంకాలము ఇరానీ హోటలులో కూర్చుండి మేస్త్రీని తిట్టుకొనిన, ఆ మాట చాయ కప్పుతోనే చల్లారెడిది. ఎవడైన చాడీలు మోసినను, కాదనుటకు వీలుండెడిది. నేడు ఆ మాటయే తేదీతోను, గంటతోను, పేరుతోను నిలిచియుండును. పదునైదవ యేట వ్రాసిన వెక్కిరింతను ఇరువదిమూడవ యేట ఉద్యోగమిచ్చువాడు చదువును. ఆ నడుమ ఆ పిల్లవాడెంత మారెనో ఆ వ్రాత చెప్పదు.

మన రాష్ట్రములోనే జరిగినదానిని చూతము. శ్రీమతి స్మితా సభర్వాలు గారు ఐ.ఏ.ఎస్. అధికారిణి. 2022 ఆగస్టులో బిల్కిస్ బానో వ్యవహారమున దోషులను విడుదల చేయుటను గూర్చి ఆమె తన సొంత ట్విట్టరు ఖాతాలో ఆవేదన తెలిపిరి. అప్పుడామె తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయమున కార్యదర్శి. ఉద్యోగిని యిట్లు వ్రాయవచ్చునా యని కొందరు ప్రశ్నించిరి గాని, ఆమె ఆ కార్యాలయములోనే కొనసాగిరి. విమర్శ తగిలినది గుజరాతు ప్రభుత్వమునకు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల భూమిని గూర్చి వివాదము రేగినపుడు, కృత్రిమ మేధ కల్పించిన యొక చిత్రమును ఆమె తిరిగి పంచిరి. ఈ సారి విషయము తెలంగాణ ప్రభుత్వమునకే సంబంధించినది. ఏప్రిలులో గచ్చిబౌలి పోలీసులు నోటీసు పంపిరి. ఇదే చిత్రమును ఇంచుమించు రెండువేలమంది పంచిరి గదా, వారందరి మీదను ఇదే చర్య యున్నదా యని ఆమె బహిరంగముగనే యడిగిరి. ఆ నెల ముగియకముందే పర్యాటక శాఖనుండి ఆర్థిక సంఘమునకు బదిలీ యైరి. దీనికై బదిలీ చేసితిమని ప్రభుత్వము చెప్పలేదు, మేమును చెప్పబోము. యంత్రము కల్పించిన చిత్రమును పెద్ద పదవిలో నున్నవారు పరిశీలింపక పంచుట మాకును నచ్చలేదు. అయినను చదువరులు ఒక సంగతి గమనింపవలెను. రెండు సారులును ఉద్యోగిని యొకతెయే, నియమావళి యొకటియే. మారినది, మాట ఎవరికి తగిలెనను నది.

ఆ నియమావళి 1968 నాటిది. రాష్ట్ర ఉద్యోగుల నడవడి నియమములు 1964 నాటివి. ప్రభుత్వ విధానమును పత్రికలలోగాని, రేడియోలోగాని ఉద్యోగి విమర్శింపరాదని నాటివారు తలచిరి. పత్రికకు వ్యాసము పంపుట సంవత్సరమున కొకటి రెండు సారులు జరుగు పని. న్యాయాధికారి యొకరు బీనాదేవి యను కలము పేరుతో కథలు వ్రాసిన దేశము మనది. ఇప్పుడు రాత్రి భోజనమైన పిమ్మట చేతిలోని ఫోను మీద ఒక బొటనవ్రేలి గుర్తు పెట్టుటయు ప్రకటనమే యగుచున్నది. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఒక చక్కని తీర్పు చెప్పినది. మత్స్యశాఖ ఉద్యోగిని యొకతె రాజకీయ సభకు పోయెననియు, ఫేసుబుక్కులో వ్రాసెననియు పదవీవిరమణకు కొలది దినములముందు సస్పెండు చేసిరి. ప్రభుత్వోద్యోగియైనంత మాత్రమున భావప్రకటన స్వాతంత్ర్యము పోదనియు, నియమములలోని హద్దులకు లోబడి అది యుండుననియు న్యాయస్థానము నిర్ణయించినది.

కంపెనీలలో పనిచేయువారికి ఈ పాటి రక్షణయు లేదు. రాజ్యాంగములోని 19వ అధికరణము ముఖ్యముగ ప్రభుత్వమును కట్టివేయును గాని, కంపెనీ యజమానిని కాదు. 2023లో చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కొంత అండ యగునని ఆశించితిమి. కాని తానే లోకమునకు వెల్లడించిన సమాచారమునకు ఆ చట్టము వర్తింపదు. ఉద్యోగ నిమిత్తము సమాచారమును వాడుకొనుటకు యజమానికి ప్రత్యేకముగ అనుమతి అడుగవలసిన పనియు లేదు. మిగిలినది నియామక పత్రమొక్కటే. అందలి చిన్న అక్షరములను చేరునాడు చదువువారెందరు?

కనుకనే తలిదండ్రులు పిల్లలకు, “నాయనా, నీ వేమియు వ్రాయకుము” అని చెప్పుచున్నారు. అమెరికాలో బిడ్డలున్న ఇండ్లు మన పేటలో వీధికి పదియైన నుండును. 2025 జూనులో విద్యార్థి వీసా కోరువారిని, డిసెంబరు 15 నుండి హెచ్-1బి ఉద్యోగులను, వారి కుటుంబములవారిని తమ ఖాతాలను అందరికి కనబడునట్లు తెరచియుంచుడని ఆ దేశమువారు ఆదేశించిరి. అప్పటినుండి ఆ సలహా మరింత గట్టిపడినది. తల్లి భయము తల్లిది. దానిని మేము తప్పుపట్టము. కాని నోరు మూసికొనుట అలవాటైనవాడు నోరు తెరువవలసిన చోటను తెరువడు.

2020 ఏప్రిలులో నర్సీపట్నము ప్రభుత్వ వైద్యశాలలో మత్తు వైద్యుడైన డాక్టరు సుధాకరు గారు, కరోనా రోగులను చూచు వైద్యులకు తగిన మాస్కులు ఇచ్చుట లేదని చెప్పిరి. ఆ మాటల దృశ్యము ఫోనునుండి ఫోనుకు ప్రాకినది. ఆయనను సస్పెండు చేసిరి. మే నెలలో విశాఖపట్టణము నడివీధిలో చేతులు వెనుకకు కట్టి పోలీసులు తీసికొనిపోయిన దృశ్యమును దేశమెల్ల చూచినది. హైకోర్టు విచారణను సి.బి.ఐ.కి అప్పగించినది. మరుసటి సంవత్సరము మే నెలలో ఆయన మరణించిరి. ప్రభుత్వము ఆయన ఆరోపణను నిజము కాదనినది. ఆ వాదమునందు తీర్పు చెప్పుటకు మాకు అర్హత లేదు. మేమడుగునది యొక్కటే: అటు పిమ్మట మరియొక వైద్యశాలలో మాస్కులు నిజముగనే లేకున్న, ఆ మాటను రోగుల మేలుకొరకు చెప్పు వైద్యు డెవడు?

యజమానికి హక్కే లేదని మా వాదము కాదు. నాచారములోని మందుల కార్ఖానా పనివాడు అచ్చటి తయారీ రహస్యమును బయట పెట్టరాదు. నర్సు రోగి ముఖమును చిత్రించి పంచరాదు. కంపెనీ పేరు తగిలించుకొని పరమతస్థులను దూషించువానిని కంపెనీ భరింపనక్కరలేదు. 2020 ఏప్రిలులో ఐక్య అరబ్ ఎమిరేట్సులో కొందరు భారతీయులు ఇట్టి వ్రాతలవలన కొలువులు పోగొట్టుకొనిరి, వారి కొరకు మేము కన్నీరు కార్చలేదు. రహస్యము, పరుల మానము, సంస్థ పేరు – ఈ మూటికి కావలి కాయుడు. జీతగాడు ఏ పార్టీకి ఓటు వేయునో, ఏ సినిమాను మెచ్చెనో, సెలవునాడు ఏ బట్టలు కట్టెనో, పని గంటలు ఎక్కువైనవని తోటివారితో చెప్పుకొనెనో, అది కొన్న సరకులోనిది కాదు.

బట్టల మాట ఊరక యెత్తలేదు. కలకత్తాలో ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయమున పనిచేసిన అధ్యాపకురాలు, ఇన్‌స్టాగ్రాములోని తన సొంత చిత్రములను గూర్చి ఒక విద్యార్థి తండ్రి ఫిర్యాదు చేయగా 2021లో తనచేత బలవంతముగ రాజీనామా చేయించిరని చెప్పినది. విశ్వవిద్యాలయము దానిని ఒప్పుకొనలేదు. ఈ వార్త 2022లో పత్రికల కెక్కినపుడు మా ఉపాధ్యాయుల గదిలో కొంతసేపు ఎవరును మాటాడలేదు. ఏలయనగా మిషను పాఠశాలయు ఒక యజమానియే. మేమును జీతము పుచ్చుకొనువారమే. మా వాట్సాపు స్టేటసును విద్యార్థులు, వారి తండ్రులు, యాజమాన్యమువారు అందరును చూచుచునే యున్నారు.

కావున మా యాజమాన్యమువారికి ఈ సంచిక మూలమున ఒక మనవి చేయుచున్నాము. ఉపాధ్యాయులు పంచదగనివి ఏవియో ఒక కాగితముమీద తెలుగునను ఇంగ్లీషునను వ్రాయింపుడు. తలిదండ్రుల అనుమతి లేక పిల్లల చిత్రములను పెట్టరాదని మొదట వ్రాయుడు. మాలో కొందరికి అది అవసరమే. పరీక్షల సంగతులు, పిల్లల ఇండ్ల సంగతులు బయటపెట్టరాదని వ్రాయుడు. తక్కినది ఉపాధ్యాయుని సొంతమని కూడ స్పష్టముగ వ్రాయుడు. ఎవరో ఫోనులో పట్టి పంపిన బొమ్మను చూచి చర్య తీసికొనక, వ్రాసినవానిని పిలిచి, దానిని చూపి, అతడు చెప్పునది విందుమని వ్రాయుడు. ఉపాధ్యాయుల ఖాతాలను కనిపెట్టుటకు విద్యార్థులను నియోగింపమనియు చేర్చుడు. వచ్చు జూనులో పాఠశాల తెరచునాటికి ఈ కాగితము సిద్ధమైన, ఉపాధ్యాయుల గదిలో టైంటేబిలు ప్రక్కన దానికి చోటున్నది.