జీడి నూనెతో బండి నడుస్తుందా?

నీళ్లతో నడిచే బైకు, గాలితో పరుగెత్తే కారు... ఇలాంటి వీడియోలు మీ ఫోన్లోకి తరచూ వస్తూనే ఉంటాయి. ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క మాట. నీరు ఇంధనం కాదు. హైడ్రోజన్ మండాక మిగిలేదే నీరు. పొయ్యిలో బూడిదను మళ్లీ అంటించి అన్నం వండలేం కదా!

అలాగని కొత్త ఇంధనాల ఆలోచనే దండగ అనుకోకండి. కాశీబుగ్గ, పలాసల్లో పుట్టిపెరిగిన మీకు అలాంటి ముడిసరుకు ఇంటిపక్కనే ఉంది. అదే జీడిపిక్క తొక్క. పిక్కలు కొట్టే అమ్మల చేతులను పొక్కించే ఆ నూనెకు మండే గుణం బాగా ఎక్కువ. వేడిచేసి శుద్ధి చేస్తే వచ్చే కార్డనాల్‌ను డీజిల్‌లో కలిపి ఇంజిన్లు నడపవచ్చని ప్రయోగశాలల్లో తేలింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 80 కిలోల పిక్కల బస్తాకు సుమారు 50 కిలోల తొక్క మిగులుతుంది. అందులో అయిదో వంతు నూనె అనుకున్నా పది కిలోలు. లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చే ఆటో అయితే టెక్కలికి నాలుగైదు సార్లు వెళ్లి రావచ్చు. వినడానికి బాగానే ఉంది. మరి మన ఆటోలు దీనితో ఎందుకు నడవడం లేదు?

ఈ నూనె డీజిల్ కంటే చాలా చిక్కన. ఇంజిన్లో జిగురులా పేరుకుంటుంది. నౌకల ఇంధనంలో కలిపిన కొన్నిచోట్ల ఫిల్టర్లు, పంపులు మొరాయించాయి. పైగా రంగులు, రెజిన్లు, బ్రేకు లైనింగుల తయారీకి ఇదే నూనె కావాలి. అంటే బండిని నడపడానికి కాకపోయినా, ఆపడానికి జీడి ఇప్పటికే పనికొస్తోంది! ఎక్కువ ధర పలికే సరుకును ట్యాంకులో పోసి కాల్చడం తెలివైన పని కాదు.

ఉద్దానం కొబ్బరిదీ ఇదే కథ. పసిఫిక్ దీవుల్లో, వనువాటు వంటి చోట్ల, కొబ్బరి నూనెతో బళ్లు నడిపారు. డీజిల్ ఓడ మీద రావాల్సిన దీవులకు అది గిట్టుబాటు కావచ్చు. మన దగ్గర వంటకు, తలకు వాడే నూనె ధర డీజిల్‌ను ఎప్పుడో దాటేసింది. 24 డిగ్రీల దిగువన అది గడ్డకడుతుంది కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కూలిన తోటలు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుందని మీకు వేరే చెప్పాలా?

కాబట్టి ఏ కొత్త ఇంధనం గురించి విన్నా నాలుగు ప్రశ్నలు వేయండి. ఇంజిన్ ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఏడాది పొడవునా దొరుకుతుందా? లీటరు తయారీకి ఎంతవుతుంది? అదే సరుకుకు వేరేచోట ఇంకా మంచి ధర వస్తుందా?

ఈ పరీక్షలో ప్రస్తుతం ముందున్నది సౌర విద్యుత్తే. కప్పు మీద ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఏడెనిమిది యూనిట్ల బ్యాటరీ ఉన్న ఈ-ఆటోకు రెండు కిలోవాట్లు సరిపోతాయి. వానాకాలంలో తగ్గుతుంది, పెట్టుబడి ముందే పెట్టాలి. ఆ ఇబ్బందులూ లెక్కలో వేసుకోవాల్సిందే.

ఇందులో మీకేం పని అంటారా? ఐటీఐల్లో ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ ట్రేడ్ వచ్చింది. కెమిస్ట్రీ చదివినవారికి తొక్క నూనె శుద్ధి, నాణ్యత పరీక్షల్లో దారి ఉంది. ఊళ్లో పని లేదని హైదరాబాద్, చెన్నై రైలెక్కే ముందు, ఊళ్లో కాలిపోతున్న తొక్క విలువెంతో ఒకసారి లెక్క కట్టి చూడండి. అద్భుతం కోసం ఎదురుచూసేవాడి కంటే, కాగితం మీద లెక్క వేసేవాడే ముందుగా బండి కదిలిస్తాడు.