నూనె విషానికి విరుగుడా?

పిల్లలూ! ఆదివారం నాడు అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. ఆ మధ్య నేను అక్కడ పుస్తకాలు ఏరుకొంటూ ఉండగా, ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు వాళ్ళ నాన్నతో వచ్చి నన్ను పలకరించాడు.

“సార్, మా మేనమామ ఊళ్ళో ఒక మేక, మందు కొట్టిన చేలో మేసి పడిపోయింది. నూనె తాగిస్తే విషం విరుగుతుందని పక్కవాళ్ళు సీసా తెచ్చారు. మామయ్య వద్దని చెప్పి పశువుల డాక్టరును పిలిపించాడు. మేక బతికింది. కాని నూనె విషం నుంచి కాపాడుతుందని ఎలుకల మీద పరీక్షలు చేసి చెప్పారట కదా! మరి మామయ్య చేసింది తప్పా?” అని అడిగాడు.

మంచి ప్రశ్నే. మొదట ఎలుకల సంగతి చూద్దాం.

నిలవున్న జంతికలు కనరు వాసన వేస్తవి కదా! గాలిలోని ప్రాణవాయువు సోకి వాటిలోని నూనె చెడటమే దానికి కారణం. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ సన్నని కొవ్వు పొర ఉంటుంది. కొన్ని పురుగుమందులు లోపలికి పోతే ఆ పొర కూడా అలాగే చెడుతుంది. విటమిన్ ఇ ఆ దెబ్బకు తాను అడ్డుపడుతుంది. 1922లో అమెరికాలో ఇవాన్స్, బిషప్ అనే శాస్త్రజ్ఞులు దీనిని కనిపెట్టినది కూడా ఎలుకల వల్లనే. పొద్దుతిరుగుడు నూనెలో ఇది బాగా ఉన్నది. ఇటువంటి పదార్థాలున్న నూనెలు రోజూ ఇచ్చిన కొన్ని పరీక్షల్లో, పురుగుమందు వల్ల ఎలుకల కాలేయం తక్కువగా దెబ్బతిన్నది.

ఇక మేక సంగతి. పనస జిగురు చేతికి అంటితే నీళ్ళకు పోదు, నూనె రాస్తే పోతుంది. చాలా పురుగుమందులు కూడా అంతే. నీళ్ళలో కంటె నూనెలో బాగా కరుగుతవి. విషం తిన్నాక నూనె పోస్తే, ఆ విషం ఇంకా త్వరగా ఒంటికి పట్టవచ్చు. పడిపోయిన మేకకు బలవంతంగా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి, ప్రాణానికే ముప్పు రావచ్చు.

కనుక మామయ్య చేసినదే సరి. కావలివాడు దొంగ రాకముందే ఉండాలి. దొంగ లోపలికి వచ్చాక తలుపులు బార్లా తీసేవాడు కావలివాడు కాడు!

మన హైదరాబాదులో, తార్నాక వద్ద, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. నూనెలు మార్చి మార్చి, మితంగా వాడమని ఆ సంస్థ చెబుతుంది. అది రోజూ తినే తిండి మాట. విషానికి వైద్యం కాదు.

ఎవరైనా పురుగుమందు మింగితే నూనె, నెయ్యి, పాలు ఏవీ పట్టకుండా 108కి ఫోను చేయండి. మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకుపోండి. దానిని చూస్తే తగిన విరుగుడు ఏదో డాక్టరుకు త్వరగా తెలుస్తుంది.

ఇంకొక మాట. ఖాళీ నూనె సీసాలో పురుగుమందు ఎన్నడూ పోయకూడదు. మీ ఇంట్లో అటువంటి సీసా ఉన్నదేమో, ముట్టుకోకుండా, ఇవాళే అమ్మానాన్నలను అడిగి తెలుసుకోండి.