పాత బండి ఎవరిది? కొత్త రాయితీ ఎవరికి?



పాత వాహనాన్ని తుక్కుకు అప్పగించి కొత్తది కొన్నవారికి రాయితీలు ఇస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించి కొన్నేళ్ళయింది. 2021 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెటు ప్రసంగంలో ఈ మాట చెప్పారు. మార్చి 18న రవాణా మంత్రి నితిన్ గడ్కరీ లోక్‌సభలో వివరాలు ఇచ్చారు. ఆగస్టు 13న ప్రధాన మంత్రి పథకాన్ని ప్రారంభించారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నిబంధనలు గెజెట్‌లో వెలువడినాయి. అయినా కంబైనల్లూరు చుట్టుపక్కల మన కార్మికుల మధ్య దీని గురించి ఒక భయం, ఒక ఆశ మాత్రమే తిరుగుతున్నాయి. పదిహేనేళ్ళు దాటితే బండి పట్టుకుపోతారన్నది భయం. పాతది ఇస్తే కొత్తది సగం ధరకు వస్తుందన్నది ఆశ. ఈ రెండూ నిజం కావు. నిజమేమిటో తెలుసుకోకపోతే ఇటు నష్టపోయేదీ మనమే, అటు మోసపోయేదీ మనమే.

మొదట భయం సంగతి. ఈ పథకం పేరులోనే 'స్వచ్ఛంద' అనే మాట ఉన్నది. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి, ఫీజు కట్టి, ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవచ్చు. బండి తనిఖీలో నిలిస్తే వయసు ఒక్కటే కారణంగా మన జిల్లాలో దానిని తుక్కు చేయమని ఈ పథకం చెప్పదు. ఢిల్లీ పరిసరాల్లో పెట్రోలు బండికి 15 ఏళ్ళు, డీజిలు బండికి 10 ఏళ్ళు అన్న హద్దు అక్కడి కాలుష్యం కారణంగా వచ్చింది. దానిని 2018లో సుప్రీం కోర్టు సమర్థించింది. ఆ వార్త విని టి.ఎన్. 29 నంబరు బండిని తొందరపడి అమ్ముకోవలసిన పని లేదు.

అయితే బలవంతం లేదన్నంత మాత్రాన భారం లేదని కాదు. మోటారు సైకిలు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు ఒకప్పుడు 300 రూపాయలు ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుండి అది 1,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో నిబంధనలను మళ్ళీ సవరించి, 20 ఏళ్ళు దాటిన మోటారు సైకిలుకు 2,000 రూపాయలు చేశారు. కారుకైతే 600 నుండి 5,000కు, 20 ఏళ్ళు దాటితే 10,000కు పెరిగింది. దీనికి తోడు ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు, రాష్ట్రం పాత బండ్ల మీద వేసే హరిత పన్ను, ఆఫీసుకు తిరిగిన రోజుల కూలి. ఐదేళ్ళకు పంచి చూస్తే 2,000 రూపాయలు పెద్ద మొత్తం కాదని ఎవరైనా అనవచ్చు. వారం వారం లెక్క చూసుకుని ఇల్లు నడిపే మనిషికి ఐదేళ్ళ ఫీజును ఒకేసారి తీసి కట్టడమంటే ఏమిటో అలా అనేవారికి తెలియదు.

ఇక ఆశ సంగతి. రాయితీ లెక్కను కాగితం మీద వేసి చూద్దాం. 80,000 రూపాయల కొత్త బండి అనుకుందాం. తుక్కు కేంద్రం ఇచ్చే ధర కొత్త బండి షోరూము ధరలో 4 నుండి 6 శాతం ఉండవచ్చని 2021లో ప్రభుత్వం అంచనా చెప్పింది. అంటే 3,200 నుండి 4,800 రూపాయలు. కంపెనీలు 5 శాతం తగ్గించాలని సలహా ఇచ్చింది. అది 4,000. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 300. రోడ్డు పన్నులో సొంత వాహనానికి 25 శాతం వరకు రాష్ట్రాలు తగ్గించవచ్చు. తమిళనాడులో 2023 నవంబరు నుండి లక్ష రూపాయల లోపు బండికి పన్ను 10 శాతం కాబట్టి, 8,000లో పావు వంతు 2,000. అన్నీ పూర్తిగా దక్కితే మొత్తం 9,500 నుండి 11,100 రూపాయలు.

ఈ 'అన్నీ దక్కితే' అన్న మాట దగ్గరే మెలిక ఉన్నది. కంపెనీలకు ఇచ్చింది సలహా, ఆజ్ఞ కాదు. 2024 ఆగస్టులో తుక్కు సర్టిఫికెట్టు మీద తగ్గింపు ఇస్తామని ఒప్పుకున్నవి కార్ల కంపెనీలు, లారీల కంపెనీలు. కార్మికుడు ఎక్కే రెండు చక్రాల బండి ఆ మాటల్లో లేదు. పన్నులో 25 శాతం అన్నది పై హద్దు, కింది హద్దు కాదు. తుక్కుకు కనీస ధర నిబంధనల్లో లేదు. అది బండి యజమానికీ కేంద్రానికీ మధ్య బేరం. పాత మోపెడ్‌లో ఉన్న ఇనుము ఎంత, దానికి వచ్చేది ఎంత? అన్నిటికంటే ముఖ్యమైన విషయం మరొకటి. తుక్కు ధర తప్ప మిగిలిన రాయితీలన్నీ కొత్త బండి కొన్నవారికే. ముందు 80,000 రూపాయలు తేగలిగినవారికి ఈ సహాయం. తేలేనివారికి మిగిలింది పెరిగిన ఫీజు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. లోపు బండ్ల మీద జి.ఎస్.టి.ని 28 నుండి 18 శాతానికి తగ్గించారు. పాత బండి అప్పగించాలనే షరతు లేకుండానే వచ్చిన ఈ తగ్గింపు, తుక్కు పథకంలోని అనేక హామీలకంటే పెద్దది. అయినా అదీ కొనగలిగినవారికే అందుతుంది.

ఇతర దేశాల అనుభవం కూడా చూడాలి. 2009లో అమెరికా ప్రభుత్వం పాత కారు ఇచ్చి కొత్తది కొన్నవారికి 3,500 లేదా 4,500 డాలర్లు నేరుగా తగ్గించింది. అక్కడి నిబంధనలు గట్టివి. కారు 25 ఏళ్ళ లోపుది కావాలి. నడిచే స్థితిలో ఉండాలి. ఒకే యజమాని పేరున ఏడాది పాటు రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు విడవకుండా ఉండి ఉండాలి. తీసుకున్న కారు ఇంజనులో సోడియం సిలికేటు ద్రావణం పోసి, మళ్ళీ పనికి రాకుండా బిగించివేశారు. 300 కోట్ల డాలర్లు రెండు నెలలు తిరక్కుండానే ఖర్చయినాయి. సుమారు 6 లక్షల 80 వేల కార్లు మారాయి. అదే ఏడాది జర్మనీ కనీసం 9 ఏళ్ళ పాత కారుకు 2,500 యూరోలు ఇచ్చింది. ఆ దేశాలు ఖజానా నుండి సొమ్ము తీసి ఇచ్చాయి. అక్కడ కూడా లాభపడినవారు కొత్త కారు కొనగలిగినవారే. సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కుని బతికే కూలివాడికి దక్కింది లేదు. పైగా అతను కొనగలిగిన కార్లు కొన్ని తుక్కైపోయాయి.

జౌళి కార్మికులకు ఈ కథ తెలియనిది కాదు. 1999 ఏప్రిల్ 1 నుండి కేంద్రం సాంకేతిక ఆధునికీకరణ నిధి పథకం నడిపింది. కొత్త యంత్రాలకు మిల్లులు తెచ్చిన అప్పు మీద వడ్డీలో 5 శాతం సర్కారు భరించింది. పాత రింగు ఫ్రేములు పోయి కొత్తవి వచ్చాయి. దానిని మేము తప్పు పట్టడం లేదు. దుమ్ము తగ్గే యంత్రం, ప్రమాదం తగ్గే యంత్రం రావలసిందే. కానీ యంత్రం మారినప్పుడు సహాయం యజమాన్యం లెక్కలో పడింది. ఒక్కొక్కరు చూసే స్పిండిళ్ళ సంఖ్య పెరిగిన భారం మన లెక్కలో పడింది. పాత బండి విషయంలోనూ అదే పద్ధతి నడుస్తున్నది.

పొగ తగ్గాలి, రోడ్డు మీద ప్రమాదాలు తగ్గాలి అన్న లక్ష్యాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఆ పొగ ముందు పీల్చేది రోడ్డు పక్కన నిలబడే మనమే. బ్రేకు పట్టని బండి మీద రాత్రి షిఫ్టు దిగి వెళ్ళేదీ మనవాళ్ళే. కానీ మన కార్మికుడు పాత బండి ఎందుకు వాడుతున్నాడు? షిఫ్టు వేళకు బస్సు లేదు కనుక. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడ్ హోసూరులో పుట్టింది. అప్పుడు హోసూరు మన ధర్మపురి జిల్లాలోనే ఉండేది, 2004లో కృష్ణగిరి జిల్లాకు వెళ్ళింది. ఇద్దరిని మోసే ఆ చిన్న బండి ఆనాటి నుండి కూలివాడి కాలికి బలమైంది. ఇక ప్రభుత్వ వాహనాల సంగతి. రాష్ట్ర రవాణా సంస్థల బస్సులతో సహా వాటికి 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదని 2023 ఏప్రిల్ 1 నుండి నిబంధన అమలులోకి వచ్చింది. పాత బస్సు పోయిన చోట కొత్త బస్సు రాకపోతే, ఆ లోటు పూడ్చవలసింది మళ్ళీ మన పాత బండే.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

ఒకటి, రెండు చక్రాల బండి మీదనే పనికి పోయే కూలి, మిల్లు కార్మికులకు పొడిగింపు ఫీజును పాత 300 రూపాయలకు తేవాలి. కనీసం వాయిదాల్లో కట్టే వీలు ఇవ్వాలి.

రెండు, కొత్త బండి కొన్నా కొనకపోయినా, అప్పగించిన రెండు చక్రాల బండికి కనీస ధర నిర్ణయించి బ్యాంకు ఖాతాలో వేయాలి.

మూడు, ధర్మపురి, అరూరు వంటి ఊళ్ళలో శిబిరాలు పెట్టి బండ్లు తీసుకోవాలి. దూరాన ఉన్న కేంద్రానికి మోసే ఖర్చు కార్మికుని మీద వేయరాదు.

నాలుగు, రాష్ట్రం ఇచ్చే పన్ను రాయితీ ఎంతో ఆర్.టి.ఓ. ఆఫీసు బోర్డు మీద తమిళంలోనూ తెలుగులోనూ రాసి పెట్టాలి.

ఐదు, మూడు షిఫ్టుల వేళకూ బస్సులు నడపాలి.

డిమాండ్లు నెరవేరేదాకా మనం చేయవలసిన పని కూడా ఉన్నది. పాత ఇనుము వ్యాపారికి బండి వేసి చేతిలో పడిన సొమ్ముతో ఇంటికి రావద్దు. బండి ముక్కలైనా ఆర్.సి. మీ పేరున బతికే ఉంటుంది. ఆ నంబరు మరెక్కడైనా వాడబడితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. గుర్తింపు పొందిన కేంద్రంలోనే ఇచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్టు తీసుకుని, రిజిస్ట్రేషన్ రద్దు అయిందో లేదో చూసుకోండి. కొత్తది కొనే శక్తి లేనివారు ఆ సర్టిఫికెట్టును మరొకరికి బదిలీ చేయవచ్చని నిబంధనల్లోనే ఉన్నది. దానికి విలువ ఉన్నది, ఊరికే ఇచ్చివేయకండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొని పేరు మార్చుకోనివారు 29, 30 నంబరు ఫారాలతో ఇప్పుడే మార్చుకోవాలి. తండ్రి పోయినా బండి ఆయన పేరుననే ఉంటే 31వ ఫారం ఉన్నది. అప్పు తీరినా ఫైనాన్సు పేరు ఆర్.సి. మీద మిగిలి ఉంటే 35వ ఫారంతో కొట్టివేయించాలి. పేరు మనది కాని బండికి ఏ రాయితీ రాదు. పొడిగింపుకు 25వ ఫారం గడువు తీరే 60 రోజుల ముందు నుండే ఇవ్వవచ్చు. ఆఖరి రోజు దాకా ఆగితే మధ్యవర్తి జేబు నిండుతుంది.

ప్రతి డిపార్టుమెంటులోనూ మన ప్రతినిధులు సభ్యుల ఆర్.సి. తేదీలను ఒక పట్టికగా రాసి సంఘానికి అందజేయాలని కోరుతున్నాము. ఎంతమందికి 15 ఏళ్ళు దాటాయి, ఎంతమందికి 20 ఏళ్ళు దాటాయి, ఎంతమంది బండి పేరు మారలేదు అన్న లెక్క మన చేతిలో ఉంటే, అధికారుల ముందు మన వినతి వట్టి మాటగా మిగలదు. బండి పాతదే కావచ్చు. దాని మీద తెల్లవారుజామున మిల్లుకు చేరే మనిషి చెమటతోనే ఈ దేశానికి నూలు తయారవుతున్నది. పాత బండికి వెల కట్టేవారు ఆ మనిషిని లెక్కలో నుండి తప్పించరాదు.